మూడో డబ్బా

ఉదయం పదకొండూ ఇరవైకి కానిస్టేబుల్ లాకప్ తలుపు తీశాడు.

"ఇరవై నిమిషాలేనండీ. నాలుగింటికి వీణ్ణి మళ్ళీ కోర్టులో నిలబెట్టాలి. కాస్త తినమని కూడా చెప్పండి. మూడు రోజుల నుంచి మెతుకు ముట్టలేదు. అక్కడ కళ్ళు తిరిగి పడిపోతే మాట పడేది మేమే."

డిటెక్టివ్ తల ఊపి లోపలికి వెళ్ళింది. ఆమెకి యాభై దాటాయి. అడిగిందే మూడుసార్లు అడుగుతుందని స్టేషన్లలో ఆమెని నసమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఎవరైనా పొరపాటున ముఖం మీదే అనేస్తే, "చెప్పండి, నసమ్మనే," అని పలుకుతుంది.

గోడకి ఆనుకుని కూర్చున్నవాడికి ముప్పై ఏళ్ళుంటాయి. పళ్ళకి క్యాపులు తయారు చేసే టెక్నీషియన్. డెంటల్ డాక్టర్లందరికీ అతను పింగాణీ. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా లేరు.

నాలుగు రోజుల క్రితం పింగాణీ బావ మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మళ్ళీ లేవలేదు. గొంతులో పంటి క్యాప్ అడ్డం పడి ఉంది. ఆ క్యాప్ చేసింది పింగాణీయే. మర్నాడు అతనే నడుచుకుంటూ స్టేషన్‌కి వచ్చి, తను పని సరిగ్గా చేయకపోవడం వల్లే అది ఊడిందని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

డిటెక్టివ్‌ని పిలిపించింది అతని అక్క. అంటే చనిపోయినవాడి భార్య.

"మా తమ్ముడు పనిలో తప్పు చెయ్యడమ్మా. అదొక్కటి రుజువు చెయ్యండి, చాలు," అంది ఆమె.

డిటెక్టివ్ నేల మీదే కూర్చుంది. మోకాళ్ళు కటుక్కుమన్నాయి.

"ఏం మర్చిపోయావు బాబూ?"

"ఇసుక కొట్టడం."

"నాకు పళ్ళ పని తెలీదు. అ ఆల నుంచి చెప్పు."

పింగాణీ తలెత్తకుండానే చెప్పాడు. "బావ క్యాప్ జిర్కోనియాది. పొయ్యిలోంచి తీశాక రాయికన్నా గట్టి. లోపలా బయటా నున్నగా మెరుస్తుంది. నున్నటిదాన్ని దేనికి అతికించినా నిలవదు. అందుకని లోపల గరుకు చెయ్యాలి. గాజు కలిసిన పింగాణీ అయితే యాసిడ్ రాస్తే చాలు, కంటికి కనపడనంత చిన్న గుంటలు పడతాయి. జిర్కోనియాని యాసిడ్ ఏమీ చెయ్యలేదు. దానికి ఇసుకే. మామూలు ఇసుక కాదు, పిండిలాంటి పొడి. మిషన్‌లో పెట్టి గాలితో కొడతాం. లోపలి మెరుపంతా పోయి సుద్దముక్కలా అవుతుంది. దాని మీద పట్టు పెంచే ప్రైమర్, ఆపైన సిమెంటు. ఇసుక పడ్డ క్యాప్ అయితే..."

"అయితే?"

"పన్ను రావాలి గాని క్యాప్ రాదు."

ఆ ఒక్క మాట అన్నప్పుడు అతని గొంతు మారింది. వెంటనే మళ్ళీ తల దించేశాడు.

"కొట్టకపోతే?"

"ఎప్పుడైనా ఊడిపోవచ్చు. నిద్రలో కూడా. నేను కొట్టలేదు."

"ఎందుకు కొట్టలేదు?"

"ఆ రోజు పద్దెనిమిది క్యాపులున్నాయి. ఇది చివరిది."

"ఎందుకు కొట్టలేదు?"

"చెప్పాను కదమ్మా."

"ఇంకోసారి చెప్పు."

"మర్చిపోయాను!" గొంతు పెద్దదై గదిలో మోగింది. కానిస్టేబుల్ తొంగి చూశాడు.

"పదిహేడింటికి గుర్తుండి సొంత బావ పంటికే మర్చిపోయావా?"

"సొంతవాళ్ళ పని అలాగే ఉంటుంది. వాళ్ళు మనల్ని అడగరుగా."

"మీ బావకీ నీకూ పడదా?"

"ఆయన అక్క భర్త. పడేదేముంది, పడకపోయేదేముంది." మాట మార్చి అడిగాడు. "బాడీ ఎప్పుడు ఇస్తారు?"

"మూడింటికి."

"ఇవ్వాళే అంతా అయిపోతుందా?"

"అయిపోతుంది."

"మూడింటికి తప్పకుండా ఇస్తారా?"

"సంతకాలయ్యాయి. ఇస్తారు."

పింగాణీ కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. ఎంత పడకపోయినా బావ కదా, దుఃఖం అనుకుంది డిటెక్టివ్. అది దుఃఖం కాదని ఆమెకి తెలియడానికి ఇంకో మూడు గంటలు పట్టింది.

"రెండేళ్ళు వేస్తారు నీకు. బయటికొచ్చాక ఏ డాక్టరూ నీకు పని ఇవ్వడు. తెలుసా?"

"తెలుసు."

"అక్క ఏమైపోతుంది?"

"బతుకుతుంది," అన్నాడు పింగాణీ. "అది చాలు."

కానిస్టేబుల్ పెట్టిన పళ్ళెం అలాగే ఉంది. దాని మీద ఈగలు కూడా వాలి వాలి విసిగి వెళ్ళిపోయాయి.

*

పన్నెండూ పదికి డిటెక్టివ్ పింగాణీ ల్యాబ్‌కి వెళ్ళింది. కింద గది ల్యాబ్. పైన రెండు గదుల్లో అక్కా బావా ఉండేవాళ్ళు. పింగాణీ పడకా ల్యాబ్‌లోనే, బల్ల కింద చుట్టి పెట్టిన పరుపు.

అక్క తాళం తీసింది. ఆమె మాట్లాడేటప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

"అదేనా ఇసుక మిషన్?"

"అవునమ్మా."

అద్దం ఉన్న చిన్న పెట్టె. చేతులు లోపల పెట్టడానికి రెండు కన్నాలు, వాటికి రబ్బరు తొడుగులు, కింద కాలితో నొక్కే మీట. చుట్టూ బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. మీట మీద, నేల మీద మాత్రం తెల్లటి పొడి పడి ఉంది. దాని మీద చెప్పు గుర్తు.

"తమ్ముడు పని అయ్యాక తుడవడా?"

"వాడా! పొడి కనపడితే వాడికి నిద్ర పట్టదు. ఆ రోజే అలా వదిలేశాడు."

"ఏ రోజు?"

"ఆయన పోయిన రోజు." అక్క అరచేతి వెనక నుంచే చెప్పింది. "ఇంటికి పిలిపించిన డాక్టరుగారు గొంతులోంచి క్యాప్ తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నారు. వీడు ఒక్కసారి చూశాడు. చటుక్కున లాక్కుని కిందికి పరుగెత్తాడు. మిషన్ చప్పుడు పైకి వినిపించింది. ఊడిన క్యాప్ చేతికొస్తే ముందు లోపల శుభ్రం చెయ్యడం వాడి అలవాటమ్మా. మళ్ళీ అతికించాలంటే పాత సిమెంటు ఉండకూడదు కదా. మనిషి పోయాడు, ఇంకెవరి నోట్లో అతికిస్తాడని? మతి పోయిందనుకున్నాను."

డిటెక్టివ్ నోట్‌బుక్‌లో రాసుకుంది. డాక్టర్ క్యాప్ తీసింది రెండూ పన్నెండుకి. మిషన్ చప్పుడు రెండుంపావుకి. పోలీసులు క్యాప్‌ని కవర్లో వేసింది రెండూ యాభైకి.

కిటికీ పక్కన గోడకి ఒక కొక్కెం, దానికి బకెట్. కింద ఇనుప బల్ల మీద సున్నపు ముద్దల్లో పాతిన పళ్ళు వరుసగా ఉన్నాయి. డాక్టర్లు పీకేసిన పళ్ళు. ఒక్కోదాని మీద బొత్తాం అంత జిర్కోనియా ముక్క అతికించి ఉంది.

"ఇదేమిటి?"

మొదటిసారి అక్క ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. "వాడి పిచ్చి. ఏ రోజు చేసిన క్యాపులతో పాటు ఆ రోజే ఒక బొత్తాం కూడా చేస్తాడు. దాన్ని పంటికి అతికించి, బకెట్ తగిలించి, అది ఊడేదాకా నీళ్ళు పోస్తాడు. ఊడాక ఆ రెండు ముక్కలూ భూతద్దం కింద చూసి డబ్బాల్లో వేస్తాడు. పెళ్ళి చేసుకోరా అంటే, బొత్తాలు ఎవరు చూస్తారే అంటాడు."

అరలో మూడు బిస్కెట్ డబ్బాలు ఉన్నాయి. మూతల మీద పింగాణీ చేతిరాత. మొదటి దాని మీద 'నా తప్పు'. రెండో దాని మీద 'డాక్టర్ తప్పు'. మూడో దాని మీద 'ఎవరి తప్పూ కాదు'.

"ఎలా తెలుస్తుంది ఎవరి తప్పో?"

"సిమెంటు ఎక్కడ మిగిలిందో చూడాలట. అంతా పంటి మీదే ఉండిపోయి, బొత్తాం కడిగినట్టు వచ్చిందనుకోండి, బొత్తానికి ఇసుక సరిగ్గా పడలేదని. అది వాడి తప్పు. సిమెంటంతా బొత్తానికి ఉండి పన్ను ఖాళీగా ఉంటే, పంటిని సరిగ్గా ఆరబెట్టలేదని. అది డాక్టరు తప్పు."

"మూడోది?"

"సిమెంటే మధ్యకి చిరిగి, సగం అటూ సగం ఇటూ ఉంటే ఎవరి తప్పూ కాదు. రెండువైపులా గట్టిగానే పట్టుకున్నాయి, లాగినవాడి బలం ఎక్కువైంది, అంతే."

ఆ మాట తన నోటితో చెప్పి అక్క ఒక్కసారి ఆగింది. చెయ్యి నోటి మీద నుంచి జారింది. ముందు పళ్ళు రెండూ మిగతావాటికన్నా తెల్లగా ఉన్నాయి.

"అవి తమ్ముడు చేసినవేనా?"

"ఆఁ. రెండేళ్ళయింది. మెట్ల మీద జారిపడ్డాను."

"ఈ మెట్లేనా?"

"ఈ మెట్లే."

మెట్లకి రెండువైపులా పట్టుకోవడానికి ఇనుప కమ్మీలున్నాయి. డిటెక్టివ్ వాటిని చూసింది. ఇలాంటి మెట్లు ఆమె ఇదివరకు చాలా ఇళ్ళల్లో చూసింది.

పింగాణీ నోట్‌బుక్ బల్ల మీదే ఉంది. బావ క్యాప్ చేసిన తేదీ వెతికింది. 'పద్దెనిమిది క్యాపులు. అన్నిటికీ ఇసుక, ప్రైమర్ అయ్యాయి. బొత్తాం ఇరవై ఏడు కిలోలకి ఊడింది. మూడో డబ్బా.' దాని కింద ఇంకో ముక్క. 'బావది రెండుసార్లు కొట్టాను. అది ఊడితే మళ్ళీ అక్కనే అంటాడు.'

డిటెక్టివ్ ఆ పంక్తిని మూడుసార్లు చదివింది. రెండుసార్లు ఇసుక కొట్టినవాడు అసలు కొట్టలేదని సంతకం పెట్టాడు!

"ఆ రోజు ఎవరు ఎక్కడున్నారో ఇంకోసారి చెప్పమ్మా."

"ఆయన పన్నెండున్నరకి తిన్నారు. నిద్ర మాత్ర వేసుకుని ఒంటిగంటకి పడుకున్నారు. సెలవురోజు అదే అలవాటు. తమ్ముడు అంతకుముందే క్లినిక్‌కి వెళ్ళాడు. నేను వంటింట్లో ఉన్నాను. రెండింటికి టీ తీసుకెళితే..."

"ఇల్లు దాటి వెళ్ళలేదా?"

"నేనెక్కడికి వెళతానమ్మా," అంది అక్క. "పదేళ్ళుగా నేనెక్కడికి వెళ్ళాను గనక."

*

రెండూ ఐదుకి డిటెక్టివ్ మార్చురీ గుమ్మంలో ఉంది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ మీద ఫైలు.

"రండి నసమ్మగారూ. మీకోసమే కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నాను. ఒప్పుకున్న కేసులో కూడా మీకు పని దొరికిందే!"

"ఒప్పుకోవడం మీకు అలవాటైపోయింది. చూడ్డం మానేశారు."

"చూడ్డానికి ఏముంది? క్యాప్ ఊడింది, మనిషి పోయాడు, చేసినవాడు నేనే చేశాను బాబో అంటున్నాడు. ఇంకేం కావాలి, పాట పాడాలా?"

"క్యాప్ ఒకసారి చూపించండి."

ఇన్‌స్పెక్టర్ ఆవులించి కవర్ అందించాడు. డిటెక్టివ్ కిటికీ వెలుతురులో కవర్‌ని అటూ ఇటూ తిప్పింది. క్యాప్ బయటివైపు నిగనిగలాడుతోంది. లోపల సుద్దలా, మచ్చ లేకుండా ఉంది. సిమెంటు నలుసు కూడా లేదు.

"ఇది చూశారా? లోపల మెరుపు లేదు. ఇసుక పడింది. అసలు కొట్టలేదని మీ దగ్గర సంతకం పెట్టాడు."

"తర్వాత కొట్టి ఉంటాడు. ఊడినవి శుభ్రం చెయ్యడం వాళ్ళకి అలవాటట."

"శుభ్రం చెయ్యడానికి లోపల ఏముందని? నిజంగా ఇసుక కొట్టడం మర్చిపోతే సిమెంటంతా పంటి మీదే ఉండిపోవాలి. క్యాప్ దానంతటదే కడిగినట్టు రావాలి. లోపల సిమెంటు ఉంది గనకే కొట్టాడు. ఎవరూ చూడకూడదనే కొట్టాడు."

ఇన్‌స్పెక్టర్ ఆవులింత మధ్యలో ఆగిపోయింది. కానీ అతను అంత తేలిగ్గా దిగేవాడు కాదు.

"అలవాటు కొద్దీ చేసినదానికి ఇన్ని లెక్కలా? ఆ కొంపలో ఎవరు ఎందుకు ఏం చేశారో క్యాప్ చెప్పదు."

"పన్ను చెబుతుంది. క్యాప్‌ని కడిగాడు గాని, పంటిని కడగడానికి అతనికి కుదరలేదు. అది ఇంకా లోపలుంది. మూడింటికి బాడీ ఇచ్చేస్తే అదీ కాలిపోతుంది."

ఇప్పుడర్థమైంది ఆమెకి. బాడీ ఎప్పుడిస్తారు, తప్పకుండా ఇస్తారా అని లాకప్‌లో అన్నిసార్లు అడిగింది అందుకే.

"పది నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గడియారం చూసి. "ఆ పది నిమిషాల్లో ఏమీ దొరక్కపోతే ఇంకెప్పుడూ నా కేసుల జోలికి రానని రాసివ్వాలి."

"ఇస్తాను. ఏదైనా దొరికితే మీరేం ఇస్తారు?"

"టీ."

శవపరీక్ష చేసిన డాక్టర్ సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. గొంతులో వస్తువు దొరికాక నోట్లో ఇంకేం చూడాలని విసుక్కుంటూనే దీపం దగ్గరికి లాగాడు. చిన్న అద్దం పెట్టి కింది దవడలో పంటి మొద్దుని చూపించాడు.

డిటెక్టివ్ వంగి చూసింది.

సిమెంటు సగమే ఉంది. అది కూడా పొర లేచిన సున్నపు గోడలా, ఎక్కడికక్కడ చిరిగి, అంచులు పొడుచుకొచ్చి ఉంది. ఒక మూల పన్నే చిన్న పెచ్చుగా ఊడిపోయింది. ఆ పెచ్చు పక్కన ఏదో ఇనుప మొన గీసిన రెండు గీతలు.

"సగం ఇటు," అంది ఆమె. "మిగతా సగం క్యాప్‌లో ఉండేది. దాన్నే ఇసుకతో కొట్టేశాడు. చూడండి ఇన్‌స్పెక్టర్‌గారూ. ఈ క్యాప్ తనంతట తను ఊడలేదు. ఎంత గట్టిగా పట్టుకుందంటే పన్ను పెచ్చు కూడా లాక్కుపోయింది. ఎవరో పనిముట్టు పెట్టి పీకారు. పింగాణీ పనిలో తప్పు లేదు."

చాలా రోజుల తర్వాత ఆమెకి గెలిచినట్టు అనిపించింది. అది ఎంతోసేపు నిలవలేదు.

డాక్టర్ ఇంకా వంగే ఉన్నాడు. "ఒక్క నిమిషం," అన్నాడు మెల్లగా. విసుగు పోయింది అతని గొంతులో. "పీకినప్పుడు పంటి చుట్టూ చిగురు చిరిగింది. ఇంత చిరిగితే నోరంతా రక్తం అవ్వాలి. గడ్డ కట్టాలి. ఇక్కడ చుక్క లేదు."

"అంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అంటే పీకేటప్పటికి ఈయన చనిపోయి ఉన్నాడు. క్యాప్ వల్ల పోలేదు. పోయాక క్యాప్ పీకి గొంతులో పడేశారు. ముందు ఊపిరాడకుండా చేసి ఉంటారు, దిండో ఏదో పెట్టి. మాత్ర మత్తులో ఉన్నాడు కాబట్టి పెనుగులాట లేదు. నేనే చూసుకోవాల్సింది." అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "బాడీ ఇవ్వడానికి వీల్లేదు. మళ్ళీ పరీక్ష చెయ్యాలి."

డిటెక్టివ్ చెవుల్లో అక్క గొంతు వినిపిస్తోంది. రెండువైపులా గట్టిగానే పట్టుకున్నాయి, లాగినవాడి బలం ఎక్కువైంది, అంతే.

పింగాణీ ఆ రోజు డాక్టర్ అరచేతిలో క్యాప్‌ని ఒక్కసారే చూశాడు. మిగతావాళ్ళకి అది ఊడిన క్యాప్. చిరిగిన సిమెంటు చూసిన ఆ క్షణానే అది మూడో డబ్బాలోదని అతనికి తెలిసిపోయింది. ఇంట్లో ఎవరున్నారో కూడా తెలుసు. అందుకే ముందు క్యాప్‌ని కడిగాడు, తర్వాత తన పేరుని మసి చేసుకున్నాడు. పని రాని టెక్నీషియన్‌గా రెండేళ్ళు జైల్లో ఉంటే చాలనుకున్నాడు.

అక్కేమో తమ్ముడి పని చక్కగా ఉందని రుజువు చెయ్యమని డిటెక్టివ్ చెయ్యి పట్టుకుంది. క్యాపులు ఊడడం మామూలే కదా, తప్పు ఎవరో ఒకరి మీద పడి, ఎవరికీ శిక్ష పడకుండా పోతుందనుకుంది కాబోలు. తమ్ముడు వెళ్ళి ఒప్పుకుంటాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆ ఇద్దరిలో ఒకరి చెయ్యి విడిపించడానికి వచ్చి, డిటెక్టివ్ ఇద్దరి గొంతుకీ ముడి వేసింది.

"ఎన్నింటికి పోయి ఉంటాడు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఒంటిగంటకీ రెండింటికీ మధ్య. అంతకన్నా కచ్చితంగా ఎవరూ చెప్పలేరు."

"పింగాణీ పన్నెండూ యాభై నుంచి ఒకటీ యాభై దాకా క్లినిక్‌లో ఉన్నాడు," అంది డిటెక్టివ్ వెంటనే. "ఆ డాక్టర్ వాంగ్మూలం మీ ఫైల్లోనే ఉంది."

ఇన్‌స్పెక్టర్ ఫైలు తిరగేశాడు. వేలు ఒక చోట ఆగింది. "ఉంది. క్లినిక్ నుంచి ఇంటికి నడిస్తే ఐదు నిమిషాలు. అంటే ఒకటీ యాభై ఐదుకి ఇంట్లో ఉన్నాడు. రెండింటికి అక్క టీ తెచ్చింది. మధ్యలో ఐదు నిమిషాలు." ఫైలు మూశాడు. "మత్తులో ఉన్నవాడికి ఐదు నిమిషాలు ఎక్కువే. క్యాప్ పీకే పనిముట్టు ఎవరి దగ్గరుంటుంది? ఊడిన క్యాప్‌ని కడిగిందెవరు? మీ పుణ్యమాని చిన్న కేసు కాస్తా హత్య అయింది నసమ్మగారూ. టీ తాగుతారా?"

*

వరండా చివర బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఒళ్ళో ఉతికి మడతపెట్టిన బట్టలు, భర్తకి తొడగడానికి తెచ్చినవి. టైము రెండూ నలభై.

"అయిందా అమ్మా? తమ్ముడు వస్తాడా?"

డిటెక్టివ్ పక్కన కూర్చుంది. ఏ మాటతో మొదలుపెట్టాలో ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఆమెకి నేర్పలేదు.

"తమ్ముడు పనిలో తప్పు చెయ్యలేదు. రుజువైంది."

అక్క రెండు చేతులూ జోడించింది. నోటికి అడ్డం లేని ఆ నవ్వు చూడలేక డిటెక్టివ్ నేలకేసి చూసింది.

"మరి డాక్టరుగారిదా తప్పు?"

"కాదు."

"మరి..."

"క్యాప్ ఊడలేదమ్మా. పీకారు. ఆయన పోయాక పీకారు."

అక్క ఒళ్ళోని బట్టల మడత ఒకటి విప్పి, మళ్ళీ అదే గీత మీద వేసింది. వేళ్ళు వణకలేదు. అది చూసే డిటెక్టివ్‌కి ఆఖరి సందేహం కూడా పోయింది.

"బాడీ ఇవ్వరా?"

"ఇవ్వాళ ఇవ్వరు."

అప్పుడే ఇన్‌స్పెక్టర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వరండాలోకి వచ్చాడు. "ఎవడు చెప్పమన్నాడు నిన్ను వాడికి?... సరే చదువు... నిదానంగా చదువు." జేబులోంచి పెన్ను తీసి ఫైలు అట్ట మీద రాసుకున్నాడు. ఫోన్ పెట్టేసి డిటెక్టివ్ వైపు చూశాడు. ముఖంలో వెటకారం లేదు, అలసట ఉంది.

"బాడీ ఆపారని కానిస్టేబుల్ నోరు జారాడు. అది విని పింగాణీ ఇంకో కాగితం అడిగాడట. పాతది అబద్ధమట. బావని దిండు పెట్టి చంపింది తనేనట, క్యాప్ పీకింది తనేనట. ఒకటీ యాభై ఏడుకి. సంతకం కూడా పెట్టాడు. రాశాక అన్నం అడిగి తింటున్నాడట, మూడు రోజుల తర్వాత."

"అది అబద్ధం," అంది డిటెక్టివ్.

"రుజువుందా?"

ఆమె దగ్గర లేదు. క్యాప్ కడిగేసి ఉంది. పనిముట్టు ల్యాబ్‌లోదే అయినా, దాని మీద ఇద్దరి వేలిముద్రలూ ఉంటాయి. శవం ఒంటిగంటకీ రెండింటికీ మధ్య అని తప్ప ఇంకేమీ చెప్పదు. ఎవరి నోటి నుంచైనా ఒక మాట రావాలి. ఆ మాటని ఆమె అడగలేకపోయింది. ప్రతి ప్రశ్నా మూడుసార్లు అడిగే మనిషి ఒక్కసారి కూడా అడగలేకపోయింది.

"నాలుగింటికి కోర్టుకి ఒకర్నే తీసుకెళతాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒప్పుకున్నవాణ్ణి కాదనడానికి నేనెవర్ని?"

అతను వెనక్కి తిరిగాడు. మూడడుగులు వేశాడు.

"సార్," అంది అక్క.

బట్టల మూట పక్కన పెట్టి లేచి నిలబడింది. అరచెయ్యి నోటి దగ్గరికి వెళ్ళలేదు.

"వాడికి టైము తెలీదు సార్. తప్పు రాశాడు. ఒకటీ ఇరవై. ఎదురుగా గోడ గడియారం ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. పెద్ద ముల్లు నాలుగు మీదికి వచ్చేదాకా దిండు తియ్యలేదు."